ఎక్స్‌రేలో తిరగబడ్డ అక్షరం: పదకొండేళ్ల తడి దగ్గు కేసు

ఈ కేసు రాయడానికి పాప తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. వాళ్లను గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యం నడిచిన తీరు, అందులో నేను చేసిన పొరపాట్లు ఉన్నవి ఉన్నట్లే రాస్తున్నాను. నేను జిల్లా కేంద్రంలో పిల్లల వైద్యుణ్ణి. రోజుకు పది మంది దగ్గు పిల్లలనైనా చూస్తాను. పదకొండేళ్ల ఈ పాపను కూడా మొదటి రెండుసార్లు ఆ పది మందిలో ఒకరిగానే చూశాను.

నేపథ్యం

నెలలు నిండి పుట్టిన బిడ్డే. అయినా పుట్టిన కొన్ని గంటలకే ఎగశ్వాస మొదలై మూడు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ‘ఉమ్మనీరు మింగింది’ అని చెప్పి పంపించారు. అప్పటి నుంచి ముక్కు ఎండిన రోజు లేదని తల్లి చెప్పింది. చలికాలం, వానాకాలం, వేసవి అన్న తేడా లేదు. తెల్లవారుతూనే కఫంతో దగ్గు. రెండేళ్లకు చెవిలో చీము. అయిదేళ్లకు ఉబ్బసమని ఇన్‌హేలర్లు, ఏడేళ్లకు క్షయ అని ఆరు నెలల మందులు, తొమ్మిదేళ్లకు మళ్లీ క్షయ మందులు. రెండుసార్లూ కఫంలో క్షయ క్రిమి కనబడలేదు. బరువు తగ్గడం, ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి మధ్య భాగంలో నీడ, ఈ రెండింటినీ చూసి మందులు మొదలుపెట్టారు.

అలా మొదలుపెట్టిన వైద్యులను తప్పు పట్టను. మన దగ్గర బరువు తగ్గుతూ దగ్గే బిడ్డను చూసి క్షయను తలచుకోకపోవడమే పెద్ద తప్పు. పైగా మందులు వాడినప్పుడల్లా పాప కాస్త తేరుకుంది. అదే అందరినీ దారి తప్పించింది. క్షయ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ క్షయ క్రిమినే కాదు, మామూలు బ్యాక్టీరియాలో చాలావాటిని కూడా చంపుతుంది. ఆ మందుకు గుణం కనిపించినంత మాత్రాన జబ్బు క్షయే అని రుజువు కాదు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా పాత చీటీల మీద ‘మందులకు మెరుగైంది’ అన్న మాట చదివి తల ఊపాను.

నా దగ్గరికి వచ్చినప్పటి సమస్య

జ్వరం, ఆకుపచ్చ కఫం, ఆయాసం. వీటితో పాటు తల్లి అడిగిన అసలు కోరిక ఒకటుంది: “బడిలో దగ్గుతోందని వెనక బెంచీలో కూర్చోబెడుతున్నారండీ. రాత్రి పడుకోనివ్వదు. దగ్గు ఆగే మందు ఏదైనా గట్టిది రాయండి.” పాప చేతిలో మడతలు పెట్టిన చేతిరుమాలు ఉంది. అడగకుండానే నోటికి అడ్డం పెట్టుకుని, చప్పుడు రాకుండా దగ్గడం నేర్చుకుంది.

మొదటిసారి యాంటీబయాటిక్ రాశాను. దగ్గు అణిచే సిరప్ కూడా రాశాను. నెలకే మళ్లీ వచ్చారు. యాంటీబయాటిక్ మార్చాను. సిరప్ కొనసాగించాను. ఆ సిరప్ గురించి తర్వాత చెబుతాను.

మూడోసారి జ్వరం ఎక్కువగా ఉంది. గుండె చప్పుడు విందామని ఎడమ రొమ్ము కింద స్టెతస్కోప్ పెడితే, ఎక్కడో పక్క గదిలో కొట్టుకున్నట్లు వినిపించింది. గుండె చుట్టూ నీరు చేరిందేమోనని భయపడ్డాను. అలా చేరితే మెడ నరాలు ఉబ్బాలి, నాడి పలచబడాలి. ఆ రెండూ లేవు. స్టెతస్కోప్ కుడివైపు జరిపాను. అక్కడ లబ్‌డబ్ అంటూ చెవి పక్కనే మోగింది. చేత్తో తడిమితే కాలేయం ఎడమ పక్కటెముకల కింద తగిలింది.

పాత ఎక్స్‌రేలన్నీ మళ్లీ బల్లమీద పరిచాను. నాలుగింటిలోనూ గుండె ఉండాల్సిన ఎడమవైపే ఉంది. ఇదెలా? ఫిల్మ్ మూలన కుడివైపును చూపే ‘ఆర్’ అనే సీసపు అక్షరం ఉంటుంది కదా. రెండు ఫిల్ముల్లో ఆ అక్షరం అద్దంలో చూసినట్లు తిరగబడి ఉంది. మూడోదానిలో సగం కత్తిరించుకుపోయింది. నాలుగోదానిలో అసలు లేదు. గుండె కుడివైపు కనిపించగానే తన వల్లే పొరపాటు జరిగిందనుకుని, టెక్నీషియన్ బొమ్మను తిప్పి అచ్చు వేశాడు. వేర్వేరు చోట్ల వేర్వేరు మనుషులు ఒకే మంచి ఉద్దేశంతో ఒకే పని చేశారు. ‘కుడి ఊపిరితిత్తి’లో ఉందన్న నీడ నిజానికి ఎడమవైపుది. నేనూ ఆ ఫిల్ములను రెండుసార్లు వెలుతురుకు పట్టి చూశాను. నీడను చూశాను కానీ అక్షరాన్ని చూడలేదు.

అనుమానం ఎటు నడిచింది

అవయవాలు అద్దంలో బొమ్మలా అటుదిటు కావడం, సైనస్‌ల వాపు, ఊపిరి గొట్టాలు వెడల్పై కఫం నిలవ ఉండటం: ఈ మూడూ కలిసి ఉన్న రోగులను 1933లో జ్యూరిచ్ వైద్యుడు కార్టజెనర్ వర్ణించాడు. ఆ పేరు పరీక్షల కోసం బట్టీ పట్టని వైద్య విద్యార్థి ఉండడు. కానీ పేరు గుర్తొచ్చినంత మాత్రాన నిర్ధారణ అయిపోదు. గుండె కుడివైపు ఉన్నవాళ్లలో చాలామందికి ఊపిరితిత్తుల జబ్బేమీ ఉండదు. అందుకే గుండెను కాసేపు పక్కన పెట్టి, ముక్కు, చెవి, సైనస్, ఊపిరితిత్తి ఈ నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నది ఏమిటని ఆలోచించాను.

రోగనిరోధక శక్తి లోపమా? క్రిములతో పోరాడే రక్తంలోని ప్రోటీన్లు, ఇమ్యునోగ్లోబులిన్లు, సరిగానే ఉన్నాయి, చర్మానికీ పేగులకూ ఎప్పుడూ ఇన్ఫెక్షన్ రాలేదు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు అయితే కఫమే జిగటగా తయారవుతుంది. చెమటలో క్లోరైడ్ పరీక్ష మామూలుగా వచ్చింది. ఉబ్బసం? ఊదుడు పరీక్షలో మందు పీల్చక ముందూ తర్వాతా తేడా లేదు. ఉబ్బసం దగ్గు ఇంత తడిగా, ఏడాది పొడుగునా ఉండదు కూడా. మిగిలింది ఆ నాలుగు చోట్లా లోపలి గోడ మీద సన్నని వెంట్రుకల్లా మొలిచి ఉండే శైలికలు. పుట్టగానే వచ్చిన ఎగశ్వాస కూడా ఇక్కడ అతికింది. గర్భంలో ఊపిరితిత్తుల నిండా ఉండే ద్రవాన్ని పుట్టాక ఖాళీ చేయడంలో శైలికలకూ పాత్ర ఉంది.

శైలికల గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఈ కేసులో నిర్ణయాలన్నీ వాటి మీదే ఆధారపడ్డాయి. కణం లోపల ఉండే ప్రోటీన్ తంతువుల అల్లికను సైటోస్కెలిటన్ అంటాం. పాఠ్యపుస్తకాలు దాన్ని కణ అస్థిపంజరం అంటాయి. ఆ పేరు సగమే నిజం. అస్థిపంజరం కదలదు, దాన్ని కండలు కదపాలి. కణంలోని ఈ అల్లిక తనంతట తాను పెరుగుతుంది, తరుగుతుంది, సరుకు మోసే పట్టాలవుతుంది, కణం చీలేటప్పుడు క్రోమోజోములను లాగే తాళ్లవుతుంది. అందులో మూడు రకాల తంతువులున్నాయి. సన్నని యాక్టిన్, మధ్యరకం తంతువులు, వీటన్నిటికన్నా లావైన సూక్ష్మనాళికలు. ట్యుబులిన్ అనే ప్రోటీన్ బిళ్లలు పేర్చినట్లు కట్టిన బోలు గొట్టమే సూక్ష్మనాళిక. దాని వ్యాసం సుమారు 25 నానోమీటర్లు.

శైలిక ఈ గొట్టాల కట్ట. చుట్టూ తొమ్మిది జంటలు, నడుమ రెండు విడి గొట్టాలు. ప్రతి జంట నుంచి పక్క జంట వైపు చేతులు చాచినట్లు డైనీన్ అనే మోటారు ప్రోటీన్లు వరుసగా ఉంటాయి, బయటి వరుస ఒకటి, లోపలి వరుస ఒకటి. 1965లో గిబ్బన్స్ అనే శాస్త్రవేత్త ఈ ప్రోటీన్‌కు డైనీన్ అని పేరు పెట్టాడు. కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చు చేస్తూ ఈ చేతులు పక్క గొట్టాన్ని పట్టుకుని జరుపుతాయి. గొట్టాలు అడుగున బిగించి ఉండటం వల్ల జారడం కాస్తా వంగడం అవుతుంది. అలా సెకనుకు పది నుంచి పదిహేను సార్లు వంగి లేస్తూ, ఒక్కో కణం మీద ఉండే సుమారు రెండు వందల శైలికలు కఫపు పొరను గొంతు వైపు తోస్తాయి. మనకు తెలియకుండానే దాన్ని మింగేస్తాం.

ఏం చేశాం, ఏవి కుదరలేదు

మొదట అగ్గువ పరీక్ష. శాకరిన్ నలుసు ఒకటి ముక్కు లోపల, ముందు భాగానికి కాస్త వెనకగా పెట్టి కదలకుండా కూర్చోబెడతాం. శైలికలు పనిచేస్తుంటే అది గొంతులోకి చేరి, సాధారణంగా అరగంట లోపే తియ్యగా తెలుస్తుంది. పోల్చి చూడటానికి తల్లికీ పెట్టాం. పన్నెండో నిమిషంలో “తీపి వస్తోందండీ” అంది. గంట గడిచినా పాపకు ఏమీ తెలియలేదు. చివరికి మరో నలుసు నాలుక మీద పెడితే వెంటనే మొహం వెలిగింది. రుచి తెలియక కాదు, నలుసు కదలకే అని అలా తేల్చుకున్నాం. ఇది అనుమానాన్ని పెంచే పరీక్ష మాత్రమే. జలుబు ఉన్నా, పిల్లలు ముక్కు ఎగబీల్చినా తప్పుతుంది.

తర్వాత ముక్కు లోపల సన్నని బ్రష్‌తో గీకి కణాలు తీశాం. ఇక్కడ వరసగా రెండు పొరపాట్లు చేశాను. మొదటిది తొందర. పాపకు జ్వరం తగ్గి వారమే అయింది. ఇన్ఫెక్షన్ తర్వాత ఎవరి ముక్కులోనైనా శైలికలు ఊడిపోయి, అస్తవ్యస్తంగా ఉంటాయి. వాటిలో కనిపించే లోపం పుట్టుకతో వచ్చిందో, జలుబు తెచ్చిందో చెప్పలేం. రెండోది, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం దాచిన భాగాన్ని అలవాటు కొద్దీ ఫార్మలిన్ సీసాలో వేయించాను. ఆ పరీక్షకు గ్లూటరాల్డిహైడ్ కావాలి. పెద్ద కేంద్రం వాళ్లు మర్యాదగానే తిప్పి పంపారు.

ఆరు వారాలు ఆగి మళ్లీ తీశాం. ఈసారి మా ఊరి పాథాలజిస్టు పక్కనే మైక్రోస్కోప్ పెట్టుకుని కూర్చున్నారు. పోలిక కోసం నా ముక్కులోనే బ్రష్ పెట్టించుకున్నాను. కళ్ల నీళ్లు తిరిగాయి. ఇలాంటి పరీక్ష రాసే ప్రతి వైద్యుడూ ఒకసారి చేయించుకోవాలని అప్పుడే అనిపించింది. నా కణాల అంచు నాట్లు పడ్డ మడి మీద గాలి వీచినట్లు ఆగకుండా మినుకుమంటోంది. పక్కన తేలే రేణువులను తోసేస్తోంది. పాప కణాల మీద శైలికలు ఒత్తుగా, పొడవుగా, ఏ లోపమూ లేనట్లు ఉన్నాయి. కానీ కోత కోసిన చేలో దుబ్బుల్లా నిలబడిపోయాయి. అక్కడక్కడ ఒకటి వణికి ఆగిపోతోంది. పాథాలజిస్టు స్లైడు కొంచెం వెచ్చబెట్టి మళ్లీ చూశారు, చల్లదనానికి నెమ్మదించాయేమోనని. తేడా లేదు.

పెద్ద కేంద్రంలో ముక్కు నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు చాలా తక్కువగా ఉందని తేలింది. శైలికల జబ్బులో అలాగే ఉంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో తొమ్మిది జంటలూ నడిమి రెండూ చక్కగా ఉన్నాయి. బయటి వరుస డైనీన్ చేతులు లేవు. జన్యు పరీక్షలో ఆ చేతిలో పెద్ద భాగాన్ని తయారుచేసే డీఎన్‌ఏహెచ్5 జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే లోపం కనిపించింది. కార్టజెనర్ చూసిన మూడు లక్షణాలకూ ఈ లేని చేతులకూ సంబంధం ఉందని స్వీడన్‌లో అఫ్జీలియస్ అనే శాస్త్రవేత్త 1976లో చూపించాడు. అంటే మధ్యలో నలభై మూడేళ్లు. మా పాపకు పదకొండేళ్లు పట్టింది.

ఇంట్లోవాళ్లకు చెప్పడం

తండ్రి అడిగిన ప్రశ్న చాలా పదునైనది: “కణాల అస్థిపంజరంలో లోపం అంటున్నారు. అది ఒళ్లంతా ఉండేదే కదా. మరి ఒళ్లంతా పాడవుతుందా?”

దీనికి సరైన జవాబు చెప్పడానికి నేను ఒక రాత్రి కూర్చుని చదవాల్సి వచ్చింది. సూక్ష్మనాళికలు సరిగానే ఉన్నాయి. ఉన్నాయి కాబట్టే కణాలు చీలి బిడ్డ పెరిగింది, నరాల్లో సరుకు నడుస్తోంది. ఆ పనులకు వాడే డైనీన్ వేరు, శైలికల్లో ఉండే డైనీన్లు వేరు. మొదటిది లేకపోతే పిండమే నిలవదు. మూత్రపిండాల్లో, కంటిలో ఉండే శైలికలు కొట్టుకునేవి కావు. వాటికి ఈ చేతులతో పనే లేదు. కాబట్టి భయం లేదన్నాను. అల్ట్రాసౌండ్‌లో మూత్రపిండాలు బాగున్నాయి. గుండె నిర్మాణంలో లోపాలు తోడవుతాయేమోనని ఎకో కూడా చేయించాం, అదీ బాగుంది.

పాపకు మాత్రం రెండు ప్లాస్టిక్ స్కేళ్లు ఇచ్చాను. ఒక చివర రెండింటినీ కలిపి క్లిప్పు పెట్టాను. రెండో చివర ఒకదాన్ని పైకి తోయమన్నాను. జారడానికి దారి లేక రెండూ విల్లులా వంగాయి. “నీ గొట్టాల్లో తోసే చేతులు లేవు, అందుకని వంగవు,” అన్నాను. కాసేపు వంచుతూ ఆడుకుని, “మరి గుండె ఎందుకు ఇటు వచ్చింది?” అంది. కడుపులో చిన్న పిండంగా ఉన్నప్పుడు కొన్ని శైలికలు గిర్రున తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపు తోస్తాయని, ఆ ప్రవాహాన్ని బట్టే ఎడమేదో కుడేదో శరీరం తేల్చుకుంటుందని చెప్పాను. 1998లో టోక్యోలో ఎలుక పిండాల్లో చూసిన సంగతి ఇది. ఆ శైలికలు తిరగకపోతే గుండె ఎటు వెళ్లాలో బొమ్మాబొరుసే.

నానమ్మ పద్ధతి వేరు. “మా వైపు ఎవరికీ ఇలాంటివి లేవు బాబూ. కోడలి పుట్టింటి నుంచే వచ్చి ఉంటుంది.”

వాళ్లది మేనరికం. ఆమె కోడలికి స్వయానా మేనత్త. “కోడలి పుట్టిల్లంటే మీ పుట్టిల్లే కదమ్మా,” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే మా అన్నయ్యకూ నాకూ ఇద్దరికీ ఉందంటారా?” అన్నారు. ఉండి ఉంటుందని, జన్యువు ఒక్క ప్రతిలోనే లోపం ఉన్నవాళ్లకు ఏ ఇబ్బందీ రాదని, అందుకే ఎవరికీ తెలియలేదని చెప్పాను. తల్లి నేల చూస్తూ వింది. పదకొండేళ్లుగా ఆ ఇంట్లో దగ్గు వినబడినప్పుడల్లా ఆమె ఏం వినాల్సి వచ్చిందో నాకు అప్పుడు కొంత అర్థమైంది.

ఆరేళ్ల తమ్ముడు కూడా ఉన్నాడు. చెవిలో చీము, ఎప్పుడూ ముక్కు కారడం. గుండె ఎడమవైపే. ఆ ఒక్క కారణంతో పాప విషయంలో వచ్చిన అనుమానం వాడి విషయంలో ఎవరికీ రాలేదు, మొదట నాకూ రాలేదు. జన్యువు అదే, లోపం అదే. ఈ జబ్బు ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి గుండె ఎడమవైపే ఉంటుంది. గుండె కుడివైపు ఉండటం కోసం ఎదురు చూస్తే సగం మందిని పోగొట్టుకుంటాం.

ఏది పనిచేసింది

లేని డైనీన్‌ను తెచ్చిపెట్టే మందు లేదు. అయితే చీపురు లేని ఇంటిని ఎలా శుభ్రం చేయాలన్నదే ప్రశ్న. ఆ దారిలో ఆలోచించగానే నా సిరప్ గుర్తొచ్చి సిగ్గేసింది. శైలికలు పనిచేయని బిడ్డకు కఫం బయటికి పంపే సాధనం దగ్గు ఒక్కటే. రెండు నెలలు నేను దాన్నే అణిచాను. అంతకు ముందు వేరేవాళ్లు ఏళ్ల తరబడి అణిచారు. మొదటి చర్య ఆ సీసా పారవేయించడం. రెండోది బడికి ఉత్తరం: ఈ పాప దగ్గు అంటుకునేది కాదు, దగ్గడం ఆమెకు వైద్యం, ఆపవద్దు, వెనక కూర్చోబెట్టవద్దు.

ఛాతీ మీద తట్టి కఫం కదిలించే ఫిజియోథెరపీ మొదటి నెల పూర్తిగా విఫలమైంది. నానమ్మే శ్రద్ధగా చేసేవారు, కానీ అన్నం తిన్నాక. పాప వాంతి చేసుకునేది. మూడో వారానికి చాప చూస్తేనే పారిపోయేది. పద్ధతి మార్చాం. ఉదయం పరగడుపున తాడాట వంద గెంతులు, తర్వాత మూడు శాతం ఉప్పునీటి నెబ్యులైజర్, ఆ తర్వాత సగం నీళ్లు పోసిన సీసాలో గొట్టం పెట్టి బుడగలు ఊదడం, చివర గట్టిగా హఫ్ అంటూ గాలి వదిలి దగ్గడం. సాయంత్రం మళ్లీ. ఇద్దరు పిల్లలూ కలిసి ఎవరి బుడగలు ఎక్కువసేపు వస్తాయో పందెం వేసుకున్నారు. ఫిజియోథెరపిస్టు చెప్పినదానికన్నా ఈ పందెమే ఎక్కువ పని చేసిందని నా నమ్మకం.

మూడు నెలలకోసారి కఫం కల్చర్ చేసి, పెరిగిన క్రిమిని బట్టి పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్ ఇచ్చాం. అయిదు రోజుల కోర్సులు మానేశాం. ఫ్లూ, న్యూమోకాకస్ టీకాలు వేశాం. అయినా మొదటి ఆరు నెలల్లో మూడుసార్లు జబ్బు తిరగబెట్టింది. అప్పుడు వారానికి మూడుసార్లు అజిత్రోమైసిన్ ఇద్దామా అన్న చర్చ వచ్చింది. యూరప్‌లో జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో ఆరు నెలలు అలా వాడిన ఈ రోగుల్లో తిరగబెట్టడం దాదాపు సగానికి తగ్గింది. క్షయ క్రిమి జాతికే చెందినా క్షయ తేని మైకోబ్యాక్టీరియా ఏదైనా దాగి ఉంటే ఈ మందు ఒక్కటే ఇవ్వడం వల్ల అది మొండికేస్తుంది. కాబట్టి ముందు కఫంలో అవి లేవని తేల్చుకున్నాం, ఈసీజీ తీశాం, అప్పుడే మొదలుపెట్టాం. తర్వాతి ఆరు నెలల్లో ఒక్కసారే తిరగబెట్టింది.

చెవుల విషయంలో ఈఎన్‌టీ వైద్యుడికీ నాకూ భిన్నాభిప్రాయం వచ్చింది. తమ్ముడికి చెవిపొరలో గొట్టం పెడదామని ఆయన. ఈ పిల్లల్లో ఆ గొట్టం నుంచి చీము ఏకధాటిగా కారే ప్రమాదం ఎక్కువ, వినికిడి తగ్గితే ముందు వినికిడి యంత్రం చూద్దామని నేను. ప్రస్తుతానికి ఆగాం. వచ్చే ఏడాది ఆయన మాటే నెగ్గవచ్చు.

ఏడాది తర్వాత పాప నాలుగు కిలోలు పెరిగింది. ఊపిరి సామర్థ్యం కొంత మెరుగైంది, పూర్తిగా రాలేదు. వెడల్పైన గొట్టాలు మళ్లీ కుంచించుకోవు. ఏడేళ్లప్పుడే తెలిసి ఉంటే అంత దెబ్బ తినేది కాదేమో.

మా ఆసుపత్రిలో ఇప్పుడు కొన్ని పద్ధతులు మారాయి. నెలలు నిండి పుట్టి ఎగశ్వాస వచ్చిన బిడ్డకు, మొదటి ఏడాది నుంచీ తడి దగ్గు, ముక్కు కారడం ఉంటే ఆ మూడూ చీటీ మీద ఒకే వరుసలో రాస్తున్నాం. విడివిడిగా రాస్తే ఏదీ జబ్బులా కనిపించదు. గ్లూటరాల్డిహైడ్ సీసా ఫ్రిజ్‌లో ఎర్ర చీటీతో ఉంది. తమ్ముడు పెద్దయ్యాక వీర్యకణాల తోకల గురించి, పాపకు అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫలోపియన్ నాళాల్లోని శైలికల గురించి చెప్పాల్సిన రోజు వస్తుంది. వీర్యకణం తోకలో ఉన్నదీ అదే గొట్టాల కట్ట. తల్లిదండ్రులకు చెప్పాను, పిల్లలకు ఎప్పుడు, ఎవరు చెప్పాలన్నది ఇంకా తేల్చుకోలేదు.

పోయిన నెల మళ్లీ ఎక్స్‌రే తీయించాం. నేను చీటీ మీద ‘గుండె కుడివైపే ఉంది, బొమ్మ తిప్పవద్దు’ అని రాసి పంపాను. ఫిల్మ్ తెచ్చిన టెక్నీషియన్, “చీటీ తర్వాత చూశాను సార్. ముందే పాప చెప్పింది,” అన్నాడు. మూలన ‘ఆర్’ అక్షరం తిన్నగా ఉంది.